బీటెక్ చదువుతూ నటన నిలబెట్టుకోవడం ఎలా?

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. గుంటూరులో హాస్టల్లో ఉండి బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. ఆరో తరగతి నుంచి టెన్త్ దాకా స్కూల్లో ఏటా నాటికలు వేసేదాన్ని. ఇంటర్ రెండేళ్లూ అది మూలన పడింది. ఇప్పుడు కాలేజీలో డ్రామా క్లబ్ లేదు. అడిగితే ‘ముందు ప్లేస్‌మెంట్ సంగతి చూసుకోమ్మా’ అంటున్నారు. డిగ్రీ అయ్యాక థియేటర్ చదవాలని ఉంది. అప్పటికి వచ్చిన కాస్తా పోతుందేమోనని టెన్షన్. రీల్స్ చేస్తున్నాను గానీ తృప్తి లేదు. హైదరాబాద్‌లో మూడు నెలల యాక్టింగ్ కోర్సు ఉంది, ఫీజు లక్షన్నర. ఒక సెమిస్టర్ ఆపి చేరనా? నాన్న వద్దంటున్నారు.
– ఒక విద్యార్థిని

జవాబు: సెమిస్టర్ ఆపొద్దు. నాన్నగారు వద్దన్నారని కాదు, మీరు వెళ్లాలనుకుంటున్న చోట్లే డిగ్రీ అడుగుతారు కాబట్టి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా (ఎన్‌ఎస్‌డీ)లో మూడేళ్ల డిప్లొమాకి ఏదో ఒక డిగ్రీ ఉండాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ కోర్సు, అక్కడా అంతే. బీటెక్ అయినా బీఏ అయినా వాళ్లకు ఒకటే. ఎన్‌ఎస్‌డీ దీనికి తోడు ఇంకొకటి అడుగుతూ వచ్చింది. కనీసం ఆరు నాటకాల్లో పనిచేసిన అనుభవం ఉండాలి. (దరఖాస్తు చేసే ఏడాది నోటిఫికేషన్ మాత్రం తప్పకుండా చదువుకోండి.) మూడు నెలల కోర్సు సర్టిఫికెట్ ఉందా అని అడగరు, ఎన్ని నాటకాలు వేశావని అడుగుతారు. కాబట్టి మీకు మిగిలిన రెండున్నరేళ్లు ఎలాగోలా గడిపేయాల్సిన కాలం కాదు. ఆ ఆరు నాటకాలూ పడాల్సింది ఇప్పుడే.

ఇక పోతుందేమో అన్న భయం. కొంత పోతుంది, నిజమే. కానీ అన్నీ ఒకేలా పోవు. స్టేజి మీద నిలబడే ధైర్యం చిన్నప్పుడు వచ్చిందంటే రెండు ప్రదర్శనలతో తిరిగొస్తుంది. ముందుగా పోయేది ఎదుటివాళ్ల మాట వినే అలవాటు. రీల్స్‌లో తృప్తి లేదన్నారు చూడండి, అక్కడ జరుగుతున్నది ఇదే. డైలాగ్ ఇంకెవరిదో, గొంతు ఇంకెవరిదో, ఎక్కడ ఆగాలో కూడా వాళ్లే నిర్ణయించేశారు. మీరు ముఖం కదిలిస్తున్నారు. బాగా రాకపోతే మళ్లీ తీస్తారు. నాటకంలో ఎదుటి పాత్ర ఇవాళ ఒక క్షణం ఆలస్యంగా మాట్లాడితే మీ జవాబూ మారాలి. అద్దం ముందు సాధన చేసినా ఈ విద్య రాదు. దానికి ఇంకో మనిషి కావాలి, చూసేవాళ్లు నలుగురు కావాలి. మీరు వెతుక్కోవాల్సింది ఈ రెండే.

ఇంకో మనిషి హాస్టల్లోనే దొరుకుతుంది. నటన రాకపోయినా పర్లేదు, వారానికి ఒక గంట ఇవ్వగలిగితే చాలు. పెద్ద స్క్రిప్టు కూడా అక్కర్లేదు. రెండు మాటలు తీసుకోండి. ‘ఎప్పుడొచ్చావు?’ అని ఒకరు, ‘ఇప్పుడే’ అని ఒకరు. మొదటిసారి, అడిగేది అక్క, వచ్చింది ఫీజు డబ్బు పోగొట్టుకున్న తమ్ముడు. అక్కకి ఆ సంగతి తెలియదు. రెండోసారి, అక్కకి తెలుసు, తెలుసన్న సంగతి తమ్ముడికి తెలియదు. మూడోసారి, ఇద్దరికీ తెలుసు, పక్క గదిలో నాన్న నిద్రపోతున్నాడు. మాటలు మార్చకూడదు, కలపకూడదు. మూడో సందర్భంలో చాలామంది గొంతు తగ్గించి సరిపెట్టేస్తారు. గుసగుసగా మాట్లాడాల్సి వచ్చినప్పుడు మనిషి ఎక్కడ నిలబడతాడు, ఎటు చూస్తాడు, చేతిలో బ్యాగు చప్పుడు కాకుండా ఎలా దించుతాడు, ఇవన్నీ వచ్చేదాకా చేయండి. తర్వాత పాత్రలు మార్చుకోండి. ఫోన్‌లో తీసి చూసుకోవచ్చు గానీ పోస్ట్ చేయకండి. పోస్ట్ చేస్తామని తెలిస్తే సాధన మళ్లీ రీల్ అయిపోతుంది.

గొంతు మాత్రం ఒంటరిగా చూసుకునే పని. రోజూ ఇరవై నిమిషాలు పేపర్లో సంపాదకీయం పైకి చదవండి, వారానికోసారి రికార్డు చేసి వినండి. ఒకటి గమనిస్తారు. మొదటి నాలుగు మాటలు గట్టిగా వస్తాయి, చివరికొచ్చేసరికి ఊపిరి అయిపోయి గొంతు పడిపోతుంది. తెలుగులో ఇది ప్రాణం మీదకొచ్చే తప్పు. వచ్చాడా, రాలేదా, వస్తాడా, రానన్నాడా, అంతా తేలేది వాక్యం చివరే. ఆ క్రియ మింగేస్తే వెనక వరుసలో ఉన్నాయనకి కథ అర్థం కాదు. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలకి తెలుగు స్క్రిప్టు చేతికిస్తే కూడబలుక్కుని చదవడం కూడా చూస్తుంటాం. ఒత్తులు, ళ, ణ, శ ఇప్పటినుంచే సరిచేసుకుంటే మొదటి రిహార్సల్లోనే మీ మీద నమ్మకం కుదురుతుంది. పల్నాడులో పద్యనాటకం వేసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ఒకరి దగ్గర నాలుగు పద్యాలు నేర్చుకోండి. మీకు పద్యనాటకం మీద ఇష్టం లేకపోయినా సరే. ఊపిరి ఎక్కడ తీయాలో అంత బాగా నేర్పే పాఠం వేరే లేదని నా అభిప్రాయం. ఎన్‌ఎస్‌డీ ఆలోచన ఉంది కాబట్టి హిందీ కూడా పైకి చదవండి. అక్కడ హిందీ, ఇంగ్లిష్ రెండూ పనిచేసేంత వచ్చి ఉండాలి.

ఇప్పుడు చూసేవాళ్ల సంగతి. క్లబ్ లేదన్నారు. క్లబ్ లేకపోయినా యూనివర్సిటీ యువజనోత్సవాలకి టీమ్ పంపొచ్చు. యూనివర్సిటీలు, ఆపైన భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నడిపే ఈ పోటీల్లో నాటక విభాగం కింద ఏకాంకిక, స్కిట్, మైమ్, మిమిక్రీ ఉంటాయి. కాలేజీకి సర్క్యులర్ వస్తుంది, ఎవరూ అడగక ఏదో ఫైల్లో ఉండిపోతుంది. కల్చరల్ ఇన్‌చార్జి సార్‌ని కలిసి, పేర్లు రాసిన కాగితం చేతికివ్వండి. ‘క్లబ్ పెట్టండి’ అంటే పది మీటింగులు కావాలి, ‘ఈ ఐదుగురం స్కిట్ వేస్తాం, సంతకం పెట్టండి’ అంటే ఒక నిమిషం. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం)లో చేరితే ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో ఊళ్లో వీధినాటిక వేసే వీలుంటుంది. విసుగొస్తే లేచి వెళ్లిపోయే ప్రేక్షకులు అక్కడే దొరుకుతారు, మొహమాటానికి చప్పట్లు కొట్టరు.

మీకు అన్నిటికన్నా పెద్ద అవకాశం మీరు ఉన్న చోటే ఉంది, ఉత్తరంలో దాని ప్రస్తావనే లేదు. గుంటూరు, తెనాలి వైపు నాటక పరిషత్తులు, అంటే నాటక పోటీలు నడిపే సంస్థలు, కొత్తవి కావు. ఆంధ్ర నాటక కళా పరిషత్తు మొదలైందే తెనాలిలో, 1929లో. ఇప్పటికీ పరిషత్తు పోటీలకి గంట నిడివి నాటికలు తయారుచేసే నాటక సమాజాలు చుట్టుపక్కల పనిచేస్తున్నాయి. ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్ చేసేవాళ్లు. స్త్రీ పాత్రలకి మనుషులు దొరక్క చాలా సమాజాలు బయటినుంచి వృత్తి నటీమణుల్ని పిలిపించుకుంటాయి. వాళ్లు ప్రదర్శనకు ముందు కొన్ని రిహార్సల్స్‌కే రాగలరు. మొదటి రోజు నుంచీ వచ్చే అమ్మాయి ఉంటే వద్దనే దర్శకుడు ఉండడు. అయితే వెళ్లగానే వేషం అడగకండి. ముందు రెండు ప్రదర్శనలు ఆఖరిదాకా కూర్చుని చూడండి. తర్వాత దర్శకుడిని కలిసి ప్రాంప్టింగ్, అంటే మర్చిపోయిన డైలాగు పక్కనుంచి అందించే పని, చేస్తానని అడగండి. ప్రాంప్టర్‌కి అందరి డైలాగులూ వస్తాయి, ఎవరు ఎక్కడ తడబడతారో తెలుస్తుంది. ఒకరికి జ్వరమొస్తే అందరూ చూసేది ప్రాంప్టర్ వైపే.

ఇక్కడ నాన్నగారి భయం న్యాయమైనదే. రిహార్సల్స్ రాత్రి దాకా సాగుతాయి, పోటీలు పరాయి ఊళ్లలో, తిరిగొచ్చేసరికి తెల్లారుతుంది. మొదటిసారి ఆయన్నే వెంట తీసుకెళ్లండి. దర్శకుడితో పరిచయం చేయండి. టీమ్‌లో ఇంకో ఆడమనిషి లేని ప్రయాణం ఒప్పుకోకండి. హాస్టల్ గేటు మూసే వేళ ముందే చెప్పేయండి, మీ సీన్లు ముందు రిహార్సల్ చేయించడం వాళ్లకి కష్టమేం కాదు. ‘మా అమ్మాయి సినిమాల్లోకి వెళ్లిపోతుందేమో’ అన్నది నాన్నగారి అసలు భయమైతే ఒక్క పరిషత్తు నాటిక చూస్తే సగం తగ్గుతుంది. ముందు వరుసలో ఆయన వయసువాళ్లే ఎక్కువమంది కూర్చుని ఉంటారు.

విజయవాడ ఆకాశవాణిని కూడా మర్చిపోవద్దు. రేడియో నాటక కళాకారులకి ఆడిషన్ పెట్టి గ్రేడ్ ఇస్తారు. యువత కోసం నడిపే యువవాణి కార్యక్రమం గురించి కూడా అక్కడే అడగండి. మైకు ముందు చేతులూ ముఖమూ పనికిరావు, మాటతోనే అంతా చెప్పాలి. మీ సాధన ఎంతవరకు వచ్చిందో ఇట్టే తెలిసిపోతుంది.

ఆ లక్షన్నర కోర్సు గురించి. కోర్సులన్నీ దండగని అనను. వేసవి సెలవుల్లో రెండు మూడు వారాల వర్క్‌షాప్ మంచి దర్శకుడి దగ్గర దొరికితే వెళ్లండి. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ కూడా తక్కువ వ్యవధి నటన కోర్సులు నడుపుతుంది. ఏ కోర్సుకైనా డబ్బు కట్టేముందు బ్యాచ్‌లో ఎంతమందో, చెప్పేవాళ్లు ఏ నాటకాలు చేశారో, చివర్లో టికెట్ కొన్న ప్రేక్షకుల ముందు ప్రదర్శన ఉందో లేదో అడగండి. ఆఖరి ప్రశ్నకి ‘డెమో రీల్ ఇస్తాం’ అన్న జవాబు వస్తే మీకు కావాల్సింది అక్కడ లేదు. సినిమా ఛాన్స్ ఇప్పిస్తామనో, ఆడిషన్‌కనో, పోర్ట్‌ఫోలియోకనో డబ్బు అడిగితే ఇంక మాటలే అనవసరం, ఫోన్ పెట్టేయండి.

ఒక ఫైలు ఇవాళే మొదలుపెట్టండి. వేసిన ప్రతి నాటిక కరపత్రం, మీ పేరున్న సర్టిఫికెట్, ఫొటో, తేదీ, ఊరు, దర్శకుడి పేరు, మీ పాత్ర అందులో ఉండాలి. తెర వెనక చేసిన పని కూడా రాసుకోండి. మూడేళ్ల తర్వాత దరఖాస్తు నింపేటప్పుడు కరపత్రం కోసం సమాజం వాళ్ల ఇంటి అటకలు వెతకడం ఎవరి వల్లా కాదు.

చివరిగా, ఒప్పుకునేముందు పరీక్షల తేదీలు చూసుకోండి. పరిషత్తు పోటీలు పండగల చుట్టూ పెడుతుంటారు, మీ మిడ్స్, ల్యాబ్‌లు ఎప్పుడొస్తాయో వాళ్లకి తెలియదు. సెమిస్టర్‌కి ఒక పరిషత్తు నాటిక చాలు. తేదీ కుదరకపోతే మొదటి రిహార్సల్ రోజే చెప్పి తప్పుకోండి. ప్రదర్శనకు వారం ముందు ‘నాకు ఎగ్జామ్ ఉందండీ’ అన్న అమ్మాయిని ఆ జిల్లాలో రెండో సమాజం పిలవదు.