ఆదివారం నువ్వు అక్కడికి వెళ్ళకు తల్లీ

సింధూ,

పొద్దున మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సెల్లార్‌లో పెట్టిన నీ సైకిల్‌ని, ఆ మౌంటెన్ బైక్‌ని, ఎవరో ఎత్తుకుపోయారట. వారం తిరక్కముందే ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన ప్రకటనలో నువ్వే దాన్ని పట్టేశావట, ఫ్రేమ్ మీది గీతను చూసి. ఆ కంటిచూపుకి మెచ్చుకోవాల్సిందే. కానీ ఆదివారం ఇద్దరు స్నేహితురాళ్ళను వెంటేసుకుని, కొనేవాళ్ళలా వెళ్ళి, ఓ రౌండ్ తొక్కి చూస్తానని చెప్పి అటునుంచి అటే ఇంటికి తెచ్చేసుకుంటానన్నావటగా! అది విన్నాక నాకు అన్నం సహించలేదు. ఫోన్‌లో అయితే అరుస్తాను, నువ్వూ అరుస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు సులువైనవి. ప్రకటన మొత్తం స్క్రీన్‌షాట్లు తియ్యి: ఫొటోలు, ధర, తేదీ, అమ్మేవాడి ప్రొఫైల్ పేరు, పైన ఉండే లింకు, ప్రకటన నంబరు. రేపటికల్లా అది మాయమైనా మాయమవుతుంది. కింద 'ఇది నాది' అని కామెంటు పెట్టకు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కూడా ఈ సంగతి ఎత్తకు, ఎత్తుకుపోయినవాడు ఆ గ్రూపులోనే ఉన్నాడేమో ఎవరికి తెలుసు? బిల్లు వెతుకు. దొరక్కపోతే కొన్న షాపుకి వెళ్ళి ఫోన్ నంబరు చెబితే చాలాచోట్ల కంప్యూటర్లోంచి మళ్ళీ తీసిస్తారు. డబ్బు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా ఒక ఆధారమే.

ఫ్రేమ్ నంబరు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వెనకటి రోజుల్లో పంచాయతీవాళ్ళు, మునిసిపాలిటీవాళ్ళు సైకిల్‌కి పన్ను కట్టించుకుని ఒక బిళ్ళ ఇచ్చేవాళ్ళు, దాని మీద నంబరుండేది. బిళ్ళ లేని సైకిల్ కనిపిస్తే ఆపి అడిగేవాళ్ళు. ఇప్పుడా బిళ్ళ లేదు, మోటారు బండికున్నట్టు ఆర్‌సీ లేదు. నీ సైకిల్‌కి పుట్టుమచ్చ లాంటిది ఆ ఫ్రేమ్ నంబరు ఒక్కటే. సైకిల్‌ని తలకిందులు చేస్తే, పెడల్స్ ఉండే రెండు క్రాంకులూ కలిసే గుండ్రటి గొట్టం కింద, అంటే బీబీ షెల్ మీద, లోహంలోకి కొట్టి ఉంటుంది. కొన్నింటికి హ్యాండిల్ కింద నిలువు గొట్టం మీదో, వెనక చక్రం ఇరుసు దగ్గరో ఉంటుంది. సైకిల్ చేతిలో లేదు కాబట్టి బిల్లు మీదా, వారంటీ కార్డు మీదా, పెట్టె మీది స్టిక్కరు మీదా వెతుకు. అక్కడా లేకపోతే పాత ఫొటోలన్నీ తిరగెయ్యి. అనంతగిరి వెళ్ళినప్పుడు బురద కడగడానికి సైకిల్‌ని బోర్లా తిప్పి తీసిన ఫొటో ఒకటి పంపావు, గుర్తుందా? దాన్ని పెద్దది చేసి చూడు.

నంబరుతో పాటు గుర్తులన్నీ ఒక కాగితం మీద రాయి: గీతలు, మార్చిన గ్రిప్పులు, టైర్ల కంపెనీ, సీటు చిరుగు, పెడల్స్. ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ ఫోర్కు, చక్రాలు, గేర్లు మార్చే డిరైలర్ విడివిడిగా అమ్ముడుపోతాయి. అందుకే ఏవి ఫ్రేమ్ మీది గుర్తులో, ఏవి విడిభాగాల మీది గుర్తులో వేరువేరుగా రాయాలి. విడిభాగాలు మారిపోయినా ఫ్రేమ్ నీదేనని చెప్పగలగాలి.

ఇక స్టేషన్. కంప్లైంట్‌లో 'సైకిల్ కనబడుటలేదు' అని రాయకు. అలా రాస్తే ఒక రశీదు చేతిలో పెట్టి పంపేస్తారు, దర్యాప్తు జరగదు. 'ఫలానా రాత్రి ఇన్ని గంటలకి తాళం వేసి పెట్టాను, పొద్దున ఇన్ని గంటలకి చూస్తే తెగిన కేబుల్ తాళం మాత్రమే ఉంది, గుర్తు తెలియని వ్యక్తులు దొంగిలించారు' అని రాయి. ఆ తెగిన కేబుల్ పారెయ్యలేదు కదా? కవర్లో వేసి పట్టుకెళ్ళు.

విలువ తప్పకుండా రాయాలి, బిల్లు జత చెయ్యాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి 303వ సెక్షన్. సొత్తు విలువ ఐదు వేల లోపైతే ఆ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యడానికే లేదు. 'పాత సైకిలేగా, ఎంతుంటుందమ్మా' అని స్టేషన్‌లో కంప్లైంట్లు రాసుకునే రైటర్ తేలిగ్గా అన్నాడనుకో, ఆ మాట వెనక ఇంత సంగతుంది. అలాగని లేనిపోని ధర వెయ్యకు, కొన్న ధరా, ఇప్పుడెంత పలుకుతుందో రెండూ రాయి. ఇంకొకటి, మనుషులు కాపురముండే భవనంలో జరిగిన దొంగతనానికి వేరే సెక్షనుంది, 305. ఏడేళ్ళ దాకా శిక్ష. సెల్లార్ మీ అపార్ట్‌మెంట్‌లో భాగమనీ, గేటూ వాచ్‌మన్ ఉన్నారనీ స్పష్టంగా రాయి. ఏ సెక్షన్ వెయ్యాలో తేల్చేది పోలీసులే, కానీ నీ కాగితంలో ఆ ముక్క లేకపోతే వాళ్ళకీ తట్టదు.

ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అది పోలీసులూ కోర్టులూ కేసు ఎలా నడపాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనే ఉంది. 'మా పరిధి కాదు' అన్నా తీసుకోవాల్సిందే, జీరో ఎఫ్‌ఐఆర్ చేసి పరిధి ఉన్న స్టేషన్‌కి వాళ్ళే పంపుకుంటారు. ఆన్‌లైన్‌లో ఇస్తే 3 రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి. ససేమిరా అంటే గొడవపడకు, అదే కంప్లైంట్ స్పీడ్ పోస్టులో పై అధికారికి పంపు. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు. కేసు కట్టాక 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకొచ్చిందో నీకు చెప్పే బాధ్యత వాళ్ళదే.

సీసీ కెమెరాల పని మాత్రం ఈ రోజే కావాలి. రికార్డింగ్ దాచే పెట్టెలో, అంటే డీవీఆర్‌లో, జాగా నిండగానే పాతది చెరిగిపోతూ కొత్తది ఎక్కుతుంది. మీ అపార్ట్‌మెంట్‌దే కాకుండా ఎదురు కిరాణా కొట్టుదీ, మలుపులోని ఏటీఎందీ ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకో. తెర మీద కనిపించే గడియారం చాలాసార్లు తప్పుంటుంది, పావుగంటో గంటో అటూ ఇటూ. అందుకని డీవీఆర్ తెర పక్కన నీ ఫోన్ గడియారం పెట్టి, రెండూ పడేలా ఫొటో తియ్యి. తర్వాత ఒక కెమెరాలో కనిపించినవాడిని ఇంకో కెమెరాలో వెతకడానికి ఆ తేడా తెలియాలి. తెరని సెల్‌ఫోన్‌తో తీసిన వీడియో దారి చూపడానికే. కోర్టులో నిలవాలంటే సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌తో తీసిన కాపీ ఉండాలి, ఆ పని పోలీసులకి వదిలెయ్యి.

ఇప్పుడు అసలు విషయం. సైకిళ్ళు పోయినవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న తప్పే నువ్వూ చెయ్యబోతున్నావు.

వస్తువు నాది, కళ్ళెదుట కనబడుతోంది, తెచ్చుకుంటే తప్పేంటి అనిపిస్తుంది. అక్కడ ఏం జరుగుతుందో చూడు. అమ్మేవాడు దొంగే అయితే ఒంటరిగా రాడు. వచ్చే చోటు వాడు చెప్పేదే, ఫ్లైఓవర్ కిందో, ఖాళీ ప్లాట్ల మధ్యో. అనుమానం వచ్చిందా, ప్రకటన తీసేస్తాడు. ఆ రాత్రే ఫోర్కు ఒకడికి, చక్రాలు ఇంకొకడికి పోతాయి. నంబరున్న ఫ్రేమ్ ఒక్కటే వాడికి ప్రమాదం, దాన్ని ఏ చెరువులోనో పడేస్తాడు. ప్రకటన బతికున్నంతసేపే నీ సైకిల్ ఒక్క ముక్కగా ఉంటుంది.

ఒకవేళ అమ్మేవాడు దొంగ కాదనుకో. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, జుమ్మేరాత్ బజార్‌లోనో తెలియక కొన్న ఏ డిగ్రీ కుర్రాడో అనుకో. దొంగ దగ్గర కొన్నవాడికి హక్కు రాదు, సైకిల్ చట్టప్రకారం నీదే. కానీ తొక్కి చూస్తానని ఎక్కి నువ్వు వెళ్ళిపోతే, వాడు ముందు స్టేషన్‌కి వెళ్ళి 'ముగ్గురమ్మాయిలు నా సైకిల్ లాక్కుపోయారు' అని రాసిస్తాడు. అప్పటికి నీ ఎఫ్‌ఐఆర్ లేకపోతే, కాగితం మీద బాధితుడు వాడే. తోపులాట జరిగిందంటే ఇంకో సెక్షన్. పట్టుకుని అప్పజెబుతాం అంటావేమో. మామూలు మనిషి ఒకరిని పట్టుకోవాలంటే, వారెంటు లేకుండా పోలీసులు పట్టుకోగలిగిన, బెయిల్ హక్కుగా రాని నేరం తన కళ్ళెదుట జరగాలి, ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. ఎప్పుడో జరిగిన దొంగతనానికి ఇప్పుడు అమ్ముతున్నవాడిని పట్టుకోవడం ఆ లెక్కలోకి రాదు. పైగా మన రోడ్ల మీద 'దొంగ' అని ఒక్క కేక పడితే ఎవరెవరో వచ్చి చెయ్యి చేసుకుంటారు. ఆ దెబ్బలు ఎవరికి తగులుతాయో, కేసు ఎవరి మీదకి వస్తుందో! నా భయమంతా అక్కడే ఉంది.

ఇవేమీ జరక్కుండా సైకిల్ క్షేమంగా నీ చేతికి వచ్చిందనుకున్నా, పంచనామా లేదు, ఎవరి దగ్గర దొరికిందో రికార్డు లేదు. నీ చేతికొచ్చింది కదా అని కేసు మూలపడుతుంది, వాడు ఇంకో సెల్లార్‌కి వెళ్తాడు. డబ్బిచ్చి వెనక్కి కొనుక్కున్నా అంతే, పైగా నీ డబ్బూ పోతుంది.

కాబట్టి ఎఫ్‌ఐఆర్ నంబరు చేతికొచ్చాకే ప్రకటన స్క్రీన్‌షాట్లు ఎస్సైకివ్వు. ఆ వెబ్‌సైటు నుంచి అమ్మేవాడి వివరాలు తెప్పించుకునే అధికారం అదే నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద వాళ్ళకుంది. పోలీసులు నిన్ను అమ్మేవాడితో మాట్లాడమంటే 'ఇంకా ఉందా, ఎక్కడ చూడొచ్చు' అని మాత్రం అడుగు. 'కింద నంబరు ఫొటో పంపు' అన్నావంటే వాడికి విషయం తెలిసిపోతుంది. వాళ్ళు వెంట రమ్మన్నప్పుడు బిల్లూ, ఎఫ్‌ఐఆర్ కాపీ, గుర్తుల కాగితం పట్టుకెళ్ళు. దూరంగా నిలబడు, సైకిల్‌ని ముట్టుకోకు. బోర్లా తిప్పి నంబరు సరిచూసేది వాళ్ళు, చదివి చెప్పేది నువ్వు. స్వాధీనం చేసుకునేటప్పుడు వీడియో తియ్యాలని ఇప్పుడు ఆ సంహితలోనే 105వ సెక్షన్ చెబుతోంది.

దొరికిన సైకిల్ కేస్ ప్రాపర్టీ, అంటే కేసుకి చెందిన సొత్తు, అవుతుంది. స్టేషన్ ఆవరణలో ఎండకీ వానకీ గొలుసు తుప్పు పడుతుంది, టైర్లు పగుళ్ళు తీస్తాయి. అందుకే ఆలస్యం చెయ్యకుండా లాయర్‌తో మధ్యంతర కస్టడీకి, అంటే కేసు తేలేలోపే సైకిల్ నీకప్పగించమని, కోర్టులో పిటిషన్ వేయించు, అదే సంహితలో 497వ సెక్షన్ కింద గానీ 503 కింద గానీ. పూచీకత్తు బాండు రాయించుకుని ఇస్తారు. కేసు తేలేదాకా అమ్మకూడదు, రంగు మార్చకూడదు, పిలిచినప్పుడు చూపించాలి. తొక్కుకోవచ్చు. తొక్కే ముందు మాత్రం ముందు చక్రం ఇరుసు బిగింపు, హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ బోల్టులు, బ్రేక్ ప్యాడ్లు మెకానిక్‌కి చూపించు. దొంగలు విప్పి ఎలాపడితే అలా బిగిస్తారు.

ఇన్సూరెన్స్ చేయించలేదని నిన్ను సాధించేవాళ్ళని పట్టించుకోకు. సైకిల్‌కి అది తప్పనిసరి కాదు. మీ నాన్న ఇంటికి తీసుకున్న భారత్ గృహ రక్ష పాలసీ చూసి ఆశపడొద్దు, అందులో దొంగతనం అంటే అగ్నిప్రమాదం లాంటిది జరిగాక 7 రోజుల్లోపు ఇంట్లో సామాను పోవడమే. క్రెడిట్ కార్డు మీద కొన్నావు కాబట్టి కార్డుతో కొన్న వస్తువు పోతే డబ్బిచ్చే 'కొనుగోలు రక్షణ' ఏదైనా ఉందేమో బ్యాంకుని అడుగు. సైకిల్ లేకపోయినా ఈఎంఐ ఆపకు, ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. 'సైకిల్ మా దగ్గరుంది, రవాణాకి రెండు వేలు పంపండి' అని ఫోనొస్తే పెట్టేసెయ్యి. డబ్బు పంపేశావంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పు.

కేబుల్ తాళం సంగతి నీకు వేరే చెప్పాలా? ప్లాస్టిక్ తొడుగు లోపల ఉండేది సన్నటి తీగలే, మామూలు కట్టర్‌కి తెగుతాయి. మళ్ళీ సైకిల్ వచ్చాక మంచి యూ లాక్, అంటే U ఆకారంలో ఉండే గట్టి ఉక్కు తాళం, కొను. వెనక చక్రాన్నీ ఫ్రేమునీ కలిపి, కదలని స్తంభానికో ఇనుప గొట్టానికో వెయ్యి. లేకపోతే లిఫ్టులో వెనక చక్రం మీద నిలబెట్టి పైకి తెచ్చుకో. అపార్ట్‌మెంట్‌వాళ్ళు గొణిగితే గొణగనీ.

రేపు పొద్దునే స్టేషన్‌కి వెళ్ళు, మీ నాన్నని తీసుకెళ్ళు. ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికి రాగానే ఫొటో తీసి నాకు పంపు, ఏ సెక్షన్ వేశారో చూసి చెబుతాను. ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. ఆ స్నేహితురాళ్ళని కూడా తీసుకురా, మీ పెద్దమ్మ గుత్తివంకాయ చేస్తానంది.

మీ పెదనాన్న