ఒంటరిగా గుంటుపల్లి బౌద్ధ గుహలకు బస్సులో వెళ్లి, సాయంత్రానికి ఏలూరు వచ్చేయవచ్చా?

వచ్చేయవచ్చండీ. మొదటిసారి ఒంటరిగా బయల్దేరుతున్నానని, కారు మాట్లాడుకునే ఉద్దేశం లేదని రాశారు కదా, పోయిన డిసెంబరులో నేనూ అలాగే వెళ్లాను.

ముందుగా ఒక మాట. బస్టాండులో 'గుంటుపల్లి' అని అడగకండి. విజయవాడ దగ్గర వ్యాగన్ వర్క్‌షాపు ఉన్న గుంటుపల్లి వేరు. మీరు ఎక్కాల్సింది కామవరపుకోట వెళ్లే పల్లెవెలుగు. ఆధార్ చూపిస్తే మన ఆడవాళ్లకు జీరో టికెట్ ఇస్తారు. ఉదయం ఏడింటి బస్సయితే ఎండ ముదరకముందే కొండెక్కేస్తారు. దారి పొడవునా పామాయిల్ తోటలు. కామవరపుకోటలో దిగి, టిఫిన్ అక్కడే చేసేసి, జీలకర్రగూడెం గుహలకు ఆటో మాట్లాడుకోండి. సుమారు పది కిలోమీటర్లు.

నేను పొరపాటు చేసింది ఇక్కడే. "ఉండమంటారా అండీ?" అని ఆటో అతను అడిగితే వద్దని పంపేశాను. తిరిగి కిందికి వచ్చేసరికి ఒక్క బండీ లేదు. అరగంట చాలా టెన్షన్ పడ్డాను. చివరికి ధర్మలింగేశ్వరుడి దర్శనానికి వచ్చిన ఒక కుటుంబం తమ ఆటోలో చోటిచ్చింది. మీరు మాత్రం రానూపోనూ కలిపి బేరమాడుకోండి, లేదంటే అతని ఫోన్ నంబరైనా తీసుకోండి.

ఆ ధర్మలింగేశ్వరుడు ఉన్నదే అసలు చూడాల్సిన చోటు. గుండ్రటి గుహ, మధ్యలో కొండరాతిలోనే తొలిచిన స్తూపం. ఊరివాళ్లు దాన్నే శివలింగంగా కొలుస్తారు. లోపలికి వెళ్లగానే ఫోన్ లైటు వేయకండి. గోడవారగా కాసేపు కూర్చోండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక పైకప్పులో వాసాలు ఒక్కొక్కటిగా తేలుతాయి. గొడుగు ఊచల్లా చుట్టూ వంగి ఉంటాయి. అవి దేన్నీ మోయడం లేదు, అన్నీ రాయే. అప్పటి కట్టెల కట్టడాన్ని చూసి, ఆ వడ్రంగం పనిని శిల్పులు రాతిలో దింపారు. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటిదంటారు. ఆ కట్టెల ఇళ్లు ఒక్కటీ మిగల్లేదు, వాటి వాసాలు మాత్రం ఇలా రాతిలో ఉండిపోయాయి. నేను స్తూపం చుట్టూ ఆ ఇరుకు దారిలో మూడుసార్లు తిరిగాను. పక్కన ఎవరైనా ఉంటే "ఇక పదండి" అనేవాళ్లేమో. ఒంటరిగా వెళ్లమని చెప్పడం అందుకే.

పక్కనే ఒకప్పుడు భిక్షువులు ఉన్న విహారాలు, ఇంకాస్త ముందుకెళ్తే ఇటుకల చైత్యగృహం (బౌద్ధుల ప్రార్థన మందిరం), వరుసల్లో చిన్నాపెద్దా మొక్కుబడి స్తూపాలు, మెట్లెక్కితే కొండపైన పెద్ద స్తూపం. ఇక్కడి స్తంభాల మీద బ్రాహ్మీ లిపిలో ఒక శాసనం ఉంది. దాని ప్రకారం ఇక్కడి మండపం కట్టించింది మహామేఘవాహన వంశపు రాజు సిరిసద కాదు, ఆయన దగ్గర పనిచేసిన చులగోమ అనే లేఖకుడు. రాతకోతల ఉద్యోగి పేరు రెండు వేల ఏళ్లు నిలిచిందని నాకు ఎంత సంతోషమేసిందో! నాదీ ఆఫీసులో అలాంటి పనే.

రెండు లీటర్ల నీళ్లు, ఒక పెరుగన్నం డబ్బా, జారని చెప్పులు ఉంటే చాలు. వానాకాలం వద్దు, రాయి పాకుడు పట్టి జారుతుంది. కార్తీకంలో, ఆదివారాల్లో పిక్నిక్ జనం ఎక్కువ, గుహలో మీరు కోరుకునే నిశ్శబ్దం ఉండదు. మామూలు రోజున వెళ్లి, మూడింటికల్లా కొండ దిగేయండి. కోటలో టీ తాగి బస్సెక్కితే వెలుతురు ఉండగానే ఏలూరు చేరతారు.