మందు పంపు ఎత్తే ముందు చేను చూడు

రాజేంద్రనగర్, హైదరాబాద్

చిరంజీవి సురేష్‌కు,

ఉద్యోగం మానేసి ఆదిలాబాద్ దిక్కు ఐదెకరాలు కౌలుకు పట్టినవని, సోయా వేస్తున్నవని మీ బాపు చెప్పిండు. గర్వంగానే ఉంది బిడ్డా, భయం కూడా ఉంది.

విత్తనశుద్ధి నీకు తెలిసిందే. కిలో విత్తనానికి 10 మి.లీ. థయామిథాక్సామ్ 30 ఎఫ్.ఎస్. అనే పురుగుమందు పట్టించు, రైజోబియం అనే మేలు చేసే బ్యాక్టీరియా పొడి మాత్రం చివర్లో, విత్తే ముందు. మొదట్లో కాండం ఈగ బెడద అక్కడే తగ్గుతుంది. ఒత్తుగా విత్తకు, యూరియా గుప్పించకు.

నా భయమంతా ఆ తర్వాతే. ఆకుకు నాలుగు చిల్లులు కనబడంగనే దుకాణానికి ఉరికి, వాళ్లిచ్చిన రెండు మందులు ఒకే పంపులో కలిపి కొడతారు మనోళ్లు. ఎన్నేళ్లయినా పోని తప్పిది. ఆ మందుకు ముందు చచ్చేవి చేనుకు మేలు చేసేవే: సాలీళ్లు, అక్షింతల పురుగులు, పురుగుల మీద బతికి వాటిని చంపే బదనికలు. ఆకు తినే లద్దె పురుగేమో ఎదిగినంక పగలు మట్టిలో దాక్కుని, మందుకు అందకుండా రాత్రి పైకొచ్చి మేస్తుంది. దాన్ని తినేవి లేకుండా చేసింది మనమే. ఇగ మళ్లీ ఘాటు మందు, మళ్లీ అప్పు. పూతకు ముందు ఆకుల్లో నాలుగో వంతు పోయినా సోయా తేరుకుంటుంది రా! పూత, గింజ కట్టే దశల్లోనే అశ్రద్ధ పనికిరాదు.

చేను చుట్టూ ఆముదం పెట్టు. లద్దె పురుగు తల్లి, అంటే రెక్కల పురుగు, ముందు దాని మీదే వాలుతుంది. ఆకు తిప్పి చూడు, గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల ముద్ద దొరుకుతుంది. పిల్ల పురుగులు గుంపుగా గీకిన ఆకు జల్లెడలా కనబడుతుంది. రెంటినీ తెంపి సబ్బునీళ్లలో వెయ్యి. ఎకరానికి మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు నాలుగు, పక్షులు వాలడానికి పది కర్రలు చాలు.

కాడకు ఉంగరాల్లా రెండు గాట్లుండి పైభాగం వాడితే అది పెంకు పురుగు. కింది గాటుకు దిగువన తుంచి కాల్చెయ్. పురుగు కాండంలోకి దిగినంక పైమందు అందదు.

ముసురు రోజుల్లో లద్దె పురుగులు తెల్లగా బిగుసుకుని, ఆకుపచ్చని పొడి పట్టి ఆకులకే అంటుకుని ఉంటే సంతోషపడు. బూజు వాటిని చంపుతోంది, ఆ వారం ఏ మందూ వద్దు.

చిన్న పురుగులకు వేప కషాయం చాలు: 5 కిలోల గింజల పొడి గుడ్డలో కట్టి రాత్రంతా నానబెట్టు, పిండి 100 లీటర్లు చేసి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి సాయంత్రం కొట్టు. రసాయన మందే తప్పదనుకుంటే ఒక్కటే మందు, గాలివాటున, మాస్కు, చేతి తొడుగులతో. ఈ ఒక్క మాటలో నాకు ఎదురు చెప్పకు.

మొదటి చిల్లు కనబడ్డ రోజు ఆకు ఫొటో పంపు. దుకాణానికి ఆ తర్వాత పోదువు.

మీ పెద్దనాన్న