చిక్కుడు పాదు పందిరంతా అల్లుకుంది గానీ ఒక్క పువ్వూ లేదు. పీకేయాలా?

రెండు సెంట్ల పెరట్లో ఏప్రిల్‌లో గింజ పెట్టాను, ఆగస్టు వచ్చినా పూత లేదు అని ఒకరు అడిగారు. పీకకండి. నేను ఆ పని చేసి బాధపడ్డదాన్ని.

మాది తెనాలి పక్క పల్లె. పెళ్లయి వచ్చిన కొత్తలో, ఉగాది దాటగానే బావి పక్కన రెండు గింజలు పెట్టాను. వానలకి పాదు పందిరి దాటి రేకుల షెడ్డు మీదికెక్కింది. దసరా వచ్చినా పూత లేదు. గొడ్డుపోయిన పాదు అనుకుని మొదలంటా కోసి గేదెకి వేశాను. ఆ గింజలిచ్చిన పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూసి, "కార్తీకం దాకా ఆగకపోయావా తల్లీ" అన్నారు. డిసెంబరులో ఆవిడ పాదు ఆకు కనపడకుండా కాసింది. నాకు రోజూ ఓ గిన్నెడు కాయలు పంపేవారు, అదింకా సిగ్గు.

పందిరి చిక్కుడు పగలు తగ్గి రాత్రి పెరిగితేనే పూతకొస్తుంది. ఏప్రిల్‌లో పెట్టినా జూలైలో పెట్టినా ఇంచుమించు ఒకేసారి పూస్తుంది. ముందు పెడితే మిగిలేది ఆకూ, మోసిన నీళ్లూ. అందుకే ఇప్పుడు ఆషాఢంలోనే పెడుతున్నాను. ఇంకోటి, మా పందిరికి వీధిదీపం వెలుగు పడే వైపు ప్రతి ఏడూ ఆలస్యంగా పూస్తుంది. దీపం వల్లేనని నా అనుమానం.

పూత రావట్లేదన్న టెన్షన్‌లో యూరియా మాత్రం వేయకండి. చిక్కుడు వేళ్ల బుడిపెల్లోనే నత్రజని తయారవుతుంది. పైనుంచి ఇంకా పోస్తే తీగ సాగుతుందే తప్ప పూత రాదు. నేను గింజకి గుంట తీసినప్పుడు పశువుల ఎరువు ఓ తట్టెడు వేస్తాను, అంతే.

అసలు తలనొప్పి పూత వచ్చాక, పేనుబంకతో, అంటే రసం పీల్చే చిన్న పురుగులతో. లేత చివర్లకి నల్లగా పట్టేస్తుంది. పందిరి గుంజ మీద చీమలు బారులు తీరితే బంక వచ్చిందని అర్థం. మొదట్లోనే చూస్తే ఆ చివర్లు తుంచి పారేస్తే చాలు. ముదిరితే లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. పొద్దున పూత మీద తేనెటీగలుంటాయి. మా అత్తగారు మంచు తడి ఆరకముందే పొయ్యి బూడిద చల్లేవారు. అదీ పనిచేస్తుంది గానీ గ్యాసు పొయ్యి ఇళ్లలో బూడిదెక్కడిది?

కాయ కోసేటప్పుడు పూత కాడని విరవకండి, దానికే మళ్లీ పూస్తుంది.

కార్తీకం దాకా ఆగలేనంటే పొద చిక్కుడు వేసుకోండి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క జయ్, అర్క విజయ్ రకాలకి పగటి పొడవుతో పనిలేదు, పందిరీ అక్కర్లేదు. నేను కుండీల్లో అర్క జయ్ వేశాను. కాపు బాగానే వచ్చింది గానీ, అల్లం పచ్చిమిర్చి కూరలో పందిరి చిక్కుడు వాసన రాలేదు.

మీ పాదు గోడ పక్కనుంటే రథసప్తమికి నాలుగు మంచి ఆకులు ముందే కోసి పెట్టుకోండి. ఆ పొద్దున పరమాన్నం నైవేద్యానికి వీధి వీధంతా చిక్కుడు ఆకులకి వస్తుంది.