టెక్ సందేహాలు: కారు స్విచ్‌లో ఎల్‌ఈడీ మారుస్తున్నారా? 12తో లెక్క వేయకండి

సందేహం: మా కారు పవర్ విండో స్విచ్‌లలో చిన్న బల్బులు మాడిపోయాయి. వాటి చోట తెల్ల ఎల్‌ఈడీలు పెడదామని అనుకుంటున్నాను. కరెంటును అదుపు చేసే రెసిస్టర్ కోసం, బ్యాటరీ 12 వోల్టులు కదా అని 20 మిల్లీ ఆంపియర్లకు లెక్కేస్తే 440 ఓమ్స్ వచ్చింది, షాపులో దొరికే వాటిలో దగ్గరిది 470. అది పెట్టేయమంటారా?

పెట్టకండి. మీ లెక్క సరైనదే, మొదలుపెట్టిన అంకే తప్పు. ఫుల్ చార్జ్ ఉన్న బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. స్టార్ట్ చేశాక బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ పని మొదలుపెడుతుంది కాబట్టి 13.8 నుంచి 14.4 దాకా పోతుంది, బండి నడిచినంతసేపూ మీ స్విచ్‌కి అందేది అదే. అందుకని 14.4 వేసుకోండి. అందులోంచి ఎల్‌ఈడీ తీసుకునే వోల్టేజ్ తీసేసి, మిగిలినదాన్ని మనకు కావలసిన కరెంటుతో భాగిస్తే రెసిస్టర్ విలువ వస్తుంది. తెల్లదానికి, నీలందానికి సుమారు 3.2 వోల్టులు, ఎరుపు, పసుపు రంగులకు 2 వోల్టులు అనుకోండి.

ఇప్పుడు మీ 470 సంగతి చూద్దాం. 14.4 లోంచి 3.2 పోతే 11.2. దాన్ని 470తో భాగిస్తే దాదాపు 24 మిల్లీ ఆంపియర్లు. మామూలు చిన్న ఎల్‌ఈడీకి ఆగకుండా ఇవ్వదగ్గ గరిష్ఠ కరెంటు సాధారణంగా 20. ఇక ఆ రెసిస్టర్ మీద పడే పవర్ 0.27 వాట్, అంటే పావు వాట్ రెసిస్టర్ మోయగలిగిన దానికంటే ఎక్కువ. గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో, ఎండకు కాలిన డోర్‌లో దానికి చల్లబడే దారే ఉండదు. మొదటి రోజు బ్రహ్మాండంగా వెలుగుతుంది, అందుకే చాలామంది మోసపోతారు.

అసలు 20 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలని ఎవరన్నారు? అది దాటకూడని గీత మాత్రమే, అక్కడిదాకా వెళ్లి తీరాలని లేదు. స్విచ్ లైట్ పని చీకట్లో బటన్ ఎక్కడుందో చూపించడం, అంతే. నేను మొదటిసారి నా కారులో 560 ఓమ్స్ పెట్టాను, సరిగ్గా 20 వచ్చేలా. పగలు చూసి చాలా బాగుందనుకున్నాను. రాత్రి హైవే ఎక్కాక డోర్ మీద నాలుగు తెల్ల చుక్కలు సైడ్ గ్లాస్‌లో ప్రతిబింబించి, అద్దం చూడాలంటే వాటి మీదుగా చూడాల్సి వచ్చింది. మర్నాడే విప్పి 2.2 కిలో ఓమ్స్ వేశాను, కరెంటు 5 మిల్లీ ఆంపియర్లకు దిగింది. ఇప్పుడు బటన్ మీది గుర్తు కనిపిస్తుంది, కంట్లో మాత్రం గుచ్చదు.

కాబట్టి నా సలహా: 2.2 కిలోతో మొదలుపెట్టండి, చీకట్లో కూర్చుని చూడండి, చాలదనిపిస్తే 1.5కి, తర్వాత 1.2కి దిగండి. 1.2 దగ్గర కూడా 9 మిల్లీ ఆంపియర్లే, పవర్ 0.1 వాట్ చిల్లర, పావు వాట్ రెసిస్టర్ హాయిగా మోస్తుంది. అంతకంటే దిగాల్సి వస్తే అర వాట్ రకం తీసుకోండి. ఒక స్విచ్‌లో రెండు మూడు ఎల్‌ఈడీలు పక్కపక్కన (పారలల్‌గా) పెడితే దేని రెసిస్టర్ దానికే ఉండాలి, అన్నిటికీ కలిపి ఒక్కటి పెడితే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వెలుగుతాయి. ఇంకో సంగతి, బల్బుకు ప్లస్ మైనస్ తేడా లేదు, ఎల్‌ఈడీకి ఉంది. తిప్పి పెడితే వెలగదు, పైగా చాలా ఎల్‌ఈడీలు 5 వోల్టులకు మించి రివర్స్‌లో తట్టుకోవు. టంకం పెట్టేముందు మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో ఉంచి తాకించండి, సరైన వైపు అయితే చాలా మీటర్లతో మసకగా వెలుగుతుంది.

సందేహం: నా స్విచ్ బోర్డులో ముందునుంచే మూడు ఆకుపచ్చ ఎల్‌ఈడీలు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. రెసిస్టర్ కదపకుండా తెల్లవి వేస్తే డల్‌గా వెలుగుతున్నాయి, ఇంజిన్ ఆపితే మరీ తగ్గిపోతున్నాయి. ఎందుకు?

పాతవి ఒక్కొక్కటి 2.1 వోల్టుల రకమై ఉంటాయి. మూడింటికీ కలిపి 6.3, రెసిస్టర్‌కు 8.1 మిగిలేది. తెల్లవి మూడూ కలిసి 9.6 తినేస్తాయి, మిగిలేది 4.8 మాత్రమే, అంటే కరెంటు పాతదానిలో 60 శాతానికి పడిపోయింది. ఇంజిన్ ఆపితే రెసిస్టర్‌కు దక్కేది 3 వోల్టులే. రెసిస్టర్ విలువ తగ్గిస్తే వెలుతురు పెరుగుతుంది గానీ ఇంజిన్ ఆన్, ఆఫ్ తేడా అలాగే ఉంటుంది. బోర్డులో వీలుంటే రెండు తెల్లవి మాత్రమే ఒకదాని వెనక ఒకటి (సిరీస్‌లో) ఉంచి, మూడోదానికి విడిగా రెసిస్టర్ ఇవ్వండి. ఆ చిన్న చదును రెసిస్టర్ మీద 561 అని ఉంటే 561 ఓమ్స్ అనుకునేరు, 56 పక్కన ఒక సున్నా, అంటే 560. అలాగే 222 అంటే 2.2 కిలో.

సందేహం: ఎర్ర ప్లాస్టిక్ మూత ఉన్న స్విచ్‌లో తెల్ల ఎల్‌ఈడీ వేస్తే వెలుతురు బాగా తగ్గిపోయింది. రెసిస్టర్ తగ్గించాలా?

వద్దు, ఎల్‌ఈడీ మార్చండి. మామూలు తెల్ల ఎల్‌ఈడీ అసలు నీలంది, పైన పసుపు పూత ఉంటుంది, అందులో ఎరుపు తక్కువ. ఎర్ర మూత మిగతా రంగుల్ని ఆపేస్తే బయటకు వచ్చేది కొంచెమే. ఎర్ర మూత కింద ఎర్ర ఎల్‌ఈడీయే పెట్టండి.

సందేహం: ఇదే ఊపులో మీటర్ బోర్డులో బ్యాటరీ గుర్తు బల్బు కూడా ఎల్‌ఈడీ చేసేయొచ్చా?

పాత కార్లలో ఆ ఒక్కదాన్ని వదిలేయండి. చాలావాటిలో ఆల్టర్నేటర్ చార్జింగ్ మొదలుపెట్టడానికి కావలసిన తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. ఎల్‌ఈడీ, దాని రెసిస్టర్ కలిసి అంత కరెంటు పోనివ్వవు, దాంతో ఆల్టర్నేటర్ చార్జ్ చేయడం మొదలుపెట్టకపోవచ్చు.