హెల్ప్ అని కొడుతోందంటే సాయం అడుగుతోందని కాదు

ప్రశ్న: మాస్టారూ, మాది వీరవాసరం దగ్గర పల్లెటూరండి. రెండెకరాల రొయ్యల చెరువు లీజుకి చేస్తున్నాను. మా అమ్మాయి భీమవరంలో బీఎస్సీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం. ఆరు నెలల నుంచి ల్యాప్‌టాప్‌లో నల్ల తెర పెట్టుకుని ఏవో కమాండ్లు కొడుతూ కూర్చుంటోంది. లినక్స్ షెల్ అంట. మొన్న వెనకాల నుంచుని చూశాను. 'హెల్ప్' అని కొట్టింది, కాసేపాగి మళ్లీ 'హెల్ప్' అని కొట్టింది. ఏమీ రాక ఎవరినో సాయం అడుగుతున్నట్టుంది. ఇవన్నీ తాతలనాటి కమాండ్లు, ఇప్పుడు ఏఐని అడిగితే అదే రాసిచ్చేస్తుంది, అమీర్‌పేటలో ఆరు నెలల ఏఐ కోర్సులో చేర్చెయ్యి బావా అని హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది పోరుతున్నాడు. ఫీజు లక్షా ఎనభై వేలు, హాస్టల్ వేరే. చేర్చమంటారా, ఇంట్లో ఉండి ఇదే నేర్చుకోనివ్వమంటారా? రెండిటికీ తేడా చెప్పండి. ఎంసీఏ ఎలా ఉంటుంది? ల్యాప్‌టాప్ పాతది, ఛార్జర్ తీస్తే ఆరిపోతోంది, అది సరిపోతుందా? మీ తమ్ముడి లాంటివాడిని, కాదనకుండా చెప్పండి.

జవాబు: మూడు పేజీల ఉత్తరాన్ని కుదించి పైన ఇచ్చాను, ఏమీ అనుకోకండి. ముందు ఆ హెల్ప్ సంగతి తేల్చేద్దాం. మొత్తం ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అదే.

మీ అమ్మాయి ఎవరినీ సాయం అడగట్లేదండీ. ఆ నల్ల తెరలో మనం కొట్టిన కమాండ్లు అందుకుని పని చేయించే ప్రోగ్రామునే షెల్ అంటారు. బాష్ అనే షెల్‌లో హెల్ప్ కూడా ఒక కమాండే. ఉత్త హెల్ప్ అని కొడితే షెల్ తన కడుపులోనే పెట్టుకున్న కమాండ్ల పట్టీ మొత్తం చూపిస్తుంది. హెల్ప్ సీడీ అని కొడితే, ఫోల్డర్ మార్చే సీడీ కమాండ్ గురించి చెబుతుంది. మామూలుగా పిల్లలు మాన్యువల్ చూపించమని మ్యాన్ సీడీ అని కొడతారు. చాలా మెషీన్లలో అలాంటి మాన్యువల్ పేజీ లేదని వస్తుంది, అక్కడితో వదిలేస్తారు. మీ అమ్మాయి హెల్ప్ దాకా వెళ్లిందంటే ఏ కమాండ్ షెల్‌లోదో, ఏది బయటి ప్రోగ్రామో విడదీసి చూస్తోందన్నమాట. టైప్ సీడీ అని కొట్టి చూపించమనండి. అది షెల్ బిల్టిన్, అంటే షెల్ లోపలే ఉన్న కమాండ్ అని జవాబొస్తుంది. హైదరాబాద్‌లో నేను ఇంటర్వ్యూలు చేసిన రోజుల్లో ఈ తేడా తెలిసిన పిల్ల తగిలితే, ఆ పూట మిగతా ప్రశ్నలు కూడా సరదాగా అడగబుద్ధయ్యేది.

తేడా ఏమిటంటారా? చెరువు గట్టు మీదే చెబుతాను. మేత కోసం మనిషిని భీమవరం పంపారనుకోండి. బండేసుకుని వెళ్తాడు, బస్తాలు తెస్తాడు, పనైపోతుంది. అతను భీమవరం వెళ్లాడు గానీ మీరు వెళ్లలేదు. గట్టు మీదే ఉన్నారు. ఫైళ్ల పట్టీ చూపే ఎల్ఎస్, ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ లాంటివి కొట్టినప్పుడు షెల్ చేసేది ఇదే. ఇంకో ప్రాసెస్‌ని, అంటే నడిచే ప్రోగ్రాముని పుట్టించి, పని దానికి అప్పజెప్పి, అది ముగించేదాకా తను కూర్చుంటుంది. అలా పుట్టించడాన్ని ఫోర్క్ అంటారు. సీడీ అంటే ఒక ఫోల్డర్‌లోంచి ఇంకో ఫోల్డర్‌లోకి మారడం. దానికి కూడా మనిషినే పంపితే మారేది ఆ మనిషే. అతని పని అయిపోతుంది, అతనూ పోతాడు, షెల్ మాత్రం ఎక్కడున్నది అక్కడే. అందుకని సీడీని షెల్ తన చేతుల్తోనే చేసుకోవాలి. వేరే దారి లేదు.

ఇందులో, లినక్స్‌కి నమూనా అయిన యూనిక్స్ రాసినవాళ్లే తప్పులో కాలేశారు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ వాళ్లు 1969లో మొదలుపెట్టిన సిస్టమ్ అది. అందులోకి ఫోర్క్ వచ్చిన కొత్తలో, అప్పటిదాకా చక్కగా నడిచిన డైరెక్టరీ మార్చే కమాండ్ ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది. కోడంతా తిరగేసి బుర్ర బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, డైరెక్టరీ మారుతూనే ఉంది, కాకపోతే పంపిన మనిషికి మారుతోంది. ఈ సంగతి తర్వాత రిచీయే రాసుకున్నాడు. తాతలనాటి కమాండ్లని మీ బావమరిది అన్న మాట నిజమే. బాష్ కూడా 1989 నాటిది. అయితే ఆ తాతలు ఇంకా పోలేదు, ఆ ఏఐ నడిచే సర్వర్లలో కూర్చుని ఉన్నారు.

ఆ కోర్సులో మొదటి వారమే ఏం చేయిస్తారో చెప్పనా? పైథాన్ భాషలో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే ఒక్కో ప్రాజెక్టుకి విడిగా ఒక గది లాంటిది పెట్టిస్తారు. సోర్స్ అని కొట్టి, పక్కనే యాక్టివేట్ అనే ఫైలు పేరు రాయమంటారు. ఆ సోర్స్ కూడా షెల్ బిల్టినే. అది లేకుండా ఆ ఫైలుని నడిపితే, అందులో చేసిన మార్పులన్నీ పంపిన మనిషి దగ్గరే ఉండిపోతాయి, మన షెల్‌కి ఏమీ అంటదు. సీడీ కథే మళ్లీ. క్లాసులో పిల్లలు దీన్ని సంధ్యావందనం మంత్రంలా బట్టీ పట్టి కొడతారు. ఓరోజు మర్చిపోతారు. మాడ్యూల్ దొరకట్లేదు సార్ అని రెండు గంటలు కూర్చుంటారు. లక్షా ఎనభై వేలు కట్టాక తెలియాల్సిన సంగతి మీ అమ్మాయికి గట్టు పక్క ఇంట్లో కూర్చుని తెలిసిపోయింది.

ఇక ఆ కోర్సు మీద నాకున్న అనుమానాలు దాచుకోను. ఏఐ మోసం అనట్లేదు, నేనూ రోజూ వాడతాను. ఏఐ నేర్పుతామనే ఆరు నెలల దుకాణాల మీదే నా అనుమానం. మోడల్ లోపల ఏం జరుగుతుందో తెలియాలంటే లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత, గణాంకాలు కావాలి. వాటిని రెండు శనివారాల్లో చుట్టేస్తారు. తర్వాత ప్రాజెక్టులు. ఇళ్ల ధరల అంచనా, టైటానిక్ ఓడలో ఎవరు బతికారన్న అంచనా, చేతిరాత అంకెల గుర్తింపు. నా దగ్గరకొచ్చే బయోడేటాల్లో ఈ మూడూ ఇదే వరసలో కనిపిస్తాయి. ఏ ఊరి పిల్లాడైనా ఒకటే టైటానిక్. ఆ బయోడేటా చూసి ఈ పిల్లని ఎందుకు తీసుకోవాలో ఎవరికీ అర్థం కాదు. వంద శాతం ప్లేస్‌మెంట్ అన్నారని మీరు రాశారు. మీరు పంపిన కరపత్రం ఫొటోని పెద్దది చేసి చూశాను. అందులో ఉన్నది ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్. అంటే సాయం చేస్తాం అని. హెల్ప్ అంటే భయపడాల్సింది అక్కడండీ!

ఏఐయే కమాండ్ రాసిస్తుందన్న మాట కూడా చూద్దాం. రాసిస్తుంది, చాలాసార్లు సరిగానే రాస్తుంది. కానీ ఇచ్చిన మాటని తెర మీద అచ్చేసే ఎకో కమాండ్‌నే చూడండి. ఒకటే పేరు ఉన్నా, షెల్‌లో ఒక ఎకో ఉంటుంది, బయట ప్రోగ్రాముగా ఇంకో ఎకో ఉంటుంది. పైగా షెల్‌ని బట్టి లోపలి ఎకో తీరు కూడా మారుతుంది. ఉబుంటు అనే లినక్స్‌లో, ఎస్‌హెచ్ అనే పేరుతో పిలిస్తే వచ్చేది 2006 నుంచి బాష్ కాదు, డ్యాష్ అనే చిన్న షెల్. బాష్‌ని మనసులో పెట్టుకుని రాసిన స్క్రిప్టుని దాంతో నడిపితే, ఎకోకి ఇచ్చిన ఆప్షన్ గుర్తు కూడా అక్షరాలా తెర మీద అచ్చవుతుంది. ఏఐ రాసింది కాబట్టి కరెక్టే అనుకునే పిల్లాడు సాయంత్రం దాకా తల గోక్కుంటాడు. టైప్ కొట్టి చూడ్డం అలవాటున్న పిల్ల నిమిషంలో పట్టేస్తుంది.

నా ఉద్యోగంలో జరిగినది ఒకటి చెప్తాను, ఇది మీకు బాగా ఎక్కుతుంది. ఓ రాత్రి ఒక సర్వర్‌లో ప్రాసెస్‌లు పుట్టి పుట్టి, ఇంక కొత్తది ఒక్కటి కూడా పుట్టడానికి జాగా లేకుండా పోయింది. ఎల్ఎస్ కొడితే ఫోర్క్ కాలేదు అంటుంది. నడుస్తున్న ప్రాసెస్‌ల పట్టీ కోసం పీఎస్ కొట్టినా అదే జవాబు. నా పక్కన ఉన్న కుర్రాడు కంగారుపడి, తెరిచి ఉన్న విండో మూసేసి మళ్లీ లాగిన్ అవుదామన్నాడు. మూస్తే అంతే సంగతులు, కొత్త లాగిన్‌కీ ప్రాసెస్ పుట్టాలి కదా. మాతో పాటు డ్యూటీలో ఉన్న అమ్మాయి ఒకతె ముందుకొచ్చి కూర్చుంది. నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలుండే ప్రాక్ ఫోల్డర్‌లోకి సీడీతో వెళ్లింది. ఎకో కొట్టి పక్కన నక్షత్రం గుర్తు పెట్టి, అందులో ఉన్నవన్నీ చూసింది. రీడ్‌తో ఒక్కో ప్రాసెస్ పేరు చదివింది. దొంగ దొరికాక కిల్‌తో చంపింది. సీడీ, ఎకో, రీడ్, కిల్ నాలుగూ షెల్‌లోవే, వేటికీ బయటి మనిషి అక్కర్లేదు. మీ చెరువు దగ్గర రాత్రి రెండింటికి కరెంటు పోయి, నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిపోయాయి, కాపలా కుర్రాడు ఫోనెత్తట్లేదు, జనరేటర్ మీరే తిప్పుకున్నారనుకోండి. అదన్నమాట. మీకు ఆ పని రాకపోయుంటే తెల్లారేసరికి చెరువు ఏమయ్యేదో మీకే తెలుసు.

అలాగని మిమ్మల్ని ఆకాశానికెత్తి వదిలేయను. బిల్టిన్లు వచ్చినంత మాత్రాన ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. ఆ పేరుతో ఉద్యోగమే లేదు. అది పునాది. దాని మీద నెట్‌వర్కింగ్ తెలియాలి, సర్వీసులు ఎలా లేస్తాయో, లాగులు ఎక్కడ చూడాలో తెలియాలి, స్క్రిప్టులు రాయాలి, ఏదో ఒక క్లౌడ్‌లో చెయ్యి తిరగాలి. అప్పుడు సపోర్టు, సిస్టమ్ అడ్మిన్, క్లౌడ్ ఆపరేషన్స్ ఉద్యోగాలకి దారి తెరుచుకుంటుంది. మొదట్లో జీతం మీ బావమరిది చెప్పే అంకెల్లో ఉండదు. షిఫ్టులుంటాయి, నైట్ డ్యూటీలు తప్పవు. ఇది ఇప్పుడే తెలుసుకోండి, తర్వాత ఆడపిల్లకి రాత్రి డ్యూటీ ఏమిటని నన్ను అడక్కండి.

తమ్ముడి లాంటివాడినని రాశారు కాబట్టి అన్నలాగే ఒక మాట అంటాను. మీ మూడు పేజీల్లో బావమరిది ఆరుసార్లు వచ్చాడు, పక్క చెరువు ఆయన కొడుకు రెండుసార్లు. అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. వెనకాల నుంచుని తెర చూశారు గానీ, ఏమ్మా అదేంటని అడగలేదు. అడిగుంటే ఈ ఉత్తరమే అక్కర్లేకపోను. ఇంకోటి. చివర ఒక వాక్యం రాసి కొట్టేశారు. ఎంత కొట్టేసినా చదవడానికి వచ్చింది. 'ఆలస్యమైతే మళ్లీ సంబంధాలు' అని. అసలు బెంగ అదీ. కోర్సు కాదు, లినక్సూ కాదు. మా అమ్మాయి ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే, హైదరాబాద్‌లో ఏఐ చేస్తోందని చెప్పుకోవడం తేలిక. ఇంట్లో నల్ల తెర ముందు కూర్చుందని చెప్పడం కష్టం. ఆ ఒక్క మాట చెప్పుకోవడానికి లక్షా ఎనభై వేలా? పోయిన పంటలో చెరువుకి తెల్లమచ్చ వచ్చి సగం పోయిందని మీరే రాశారు. వచ్చే పంటకి రొయ్య పిల్ల, మేత పెట్టుబడి తీసి అమీర్‌పేటలో పోస్తానంటే నేను సై అనలేను.

పిల్లకి ఇంకా డిగ్రీయే పూర్తవలేదు. ఇంత చిన్న వయసులో మాన్యువల్ దొరక్కపోతే హెల్ప్ వెతుక్కునే పిల్ల ఎక్కడా చిక్కుకుపోదండీ. ఆలస్యం ఏమీ అవలేదు. ఈ మాట మీరు ఇంకో నలుగురిని అడిగినా నేను మార్చను.

తేడా చెప్పమన్నారు కదా, దానికి ఇంక ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఆ కోర్సు ఈ ఏడాది వద్దు. ఇంట్లో ఉంటే ఖర్చు ఇంటర్నెట్ బిల్లు మాత్రమే. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో లినక్స్, బాష్ పాఠాలు ఉచితం. డిగ్రీ పరీక్షలయ్యాక తనకి ఇష్టమైతే లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వాళ్లు పెట్టే సర్టిఫికెట్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏకి కూర్చోమనండి. అందులో నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టడం ఉండదు, మెషీన్ ముందు కూర్చోబెట్టి పని చేసి చూపించమంటారు. పక్కన ఇంటర్నెట్ ఉండదు. సిస్టమ్‌లో ఉన్న మాన్యువల్, హెల్ప్ మాత్రం చూసుకోవచ్చు. మీ అమ్మాయికి కొట్టిన పిండే. ఏఐ మీద తనకే మనసుంటే లెక్కలు గట్టిచేసుకుని తర్వాత వెళ్లొచ్చు, ఆ తలుపు ఎవరూ మూసెయ్యరు. ఎంసీఏ ఇప్పుడు రెండేళ్లే, చెయ్యాలనుకుంటే మంచిదే. దాని ప్రవేశ పరీక్ష ఐసెట్ సంగతులు వాళ్ల కాలేజీలోనే చెబుతారు, నేను మళ్లీ రాయను.

కోర్సుకి అడ్వాన్సు ఇంకా కట్టకపోతే కట్టకండి. కట్టేసి ఉంటే, వెనక్కి ఇస్తారా లేదా అన్నది ఫోన్‌లో కాకుండా కాగితం మీద అడగండి.

ల్యాప్‌టాప్ బ్రహ్మాండంగా సరిపోతుంది. నల్ల తెరకి గ్రాఫిక్స్ కార్డు ఎందుకు? బ్యాటరీ ఒక్కటీ మార్పించండి. మీ ఊళ్లో కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా?