ఒకే పేరుతో రెండు బ్లూటూత్ ప్రింటర్లు: ఏది ఏదో తెలిసేదెలా?

అన్నా, రాయగడ కొట్లో రెండు బిల్లు ప్రింటర్లూ ఫోన్‌లో ఒకే పేరుతో కనిపిస్తున్నాయి, కౌంటర్ బిల్లు గోదాంలో వస్తోంది అన్నారు కదా. పేరును నమ్మకండి. ఫోన్ గుర్తుపట్టేది అంకెలూ అక్షరాలూ కలిపి 12 ఉండే అడ్రస్‌ని. అందులో మొదటి ఆరూ తయారీదారువి, రెండింటికీ ఒకటే ఉండొచ్చు. తేడా చివరి ఆరింటిలో చూడండి.

ప్రింటర్ ఆపి, ఫీడ్ బటన్ (కాగితం ముందుకు జరిపేది) నొక్కిపట్టి ఆన్ చేస్తే సెల్ఫ్‌టెస్ట్ కాగితం వస్తుంది. చాలా మోడళ్లలో అడ్రస్ దానిమీదే ఉంటుంది. చివరి నాలుగూ ప్రింటర్ మీద మార్కర్‌తో రాసేయండి. ఫోన్‌లో రెండింటినీ అన్‌పెయిర్ చేసి (జత తీసేసి), గోదాం ప్రింటర్ ఆపేసి, కౌంటర్‌దాన్నే పెయిర్ చేయండి. పిన్ సాధారణంగా 0000 లేదా 1234. వెంటనే ఫోన్‌లో దాని పేరు మార్చేయండి.

ప్రింటర్ ఫోన్‌లో కనబడకపోతే అది వేరే ఫోన్‌కి కనెక్టయి ఉందేమో చూడండి. అలాంటప్పుడు చాలా ప్రింటర్లు వెతికేవాళ్లకు జవాబివ్వవు. ఆండ్రాయిడ్ 12 నుంచి బిల్లింగ్ యాప్‌కి సమీప పరికరాల అనుమతి కూడా ఇవ్వాలి.